పాతిక నిమిషాల నీళ్ళు

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గానీ, ఉద్యోగం కాగితాల్లో తప్ప దానికి ఎక్కడా పని పడలేదు. మూడో వార్డులో చిన్నా పెద్దా అందరికీ ఆయన నీళ్ళ బాబాయ్. నగర నీటి విభాగంలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా వాల్వులు తిప్పుతున్నాడు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, వాల్వులు తిప్పే తాళాన్ని, తన భుజం ఎత్తు ఉండే ఇనప కడ్డీని, సైకిలుకు కట్టుకుని బయల్దేరేవాడు. రోడ్డు పక్కన ఉక్కు మూత జరిపి, తాళాన్ని గుంతలోకి దించి, రెండు చేతులతో పట్టి అటు తిప్పితే ఒక వీధికి నీళ్ళు వెళ్ళేవి, ఇటు తిప్పితే ఆగేవి. "పెళ్ళినాటికి చీపురుపుల్లలా ఉండేవాడు. వార్డు నీళ్ళన్నీ తాగి ఆ చేతులే బలిశాయి" అని ఆయన భార్య ఇంటికొచ్చిన వాళ్ళకు చెప్పి నవ్వేది.

వార్డు వాలు మీద ఉంది. పైన మిట్ట వీధి, నడుమ బజారు, అట్టడుగున పల్లపు సందు. పంపు అయిదింటికి మొదలై ఎనిమిదింటికి ఆగిపోతుంది. ఆ మూడు గంటల్లోనే అందరికీ సర్దాలి. కింది వాల్వు తెరిచి ఉంటే నీళ్ళన్నీ జారి కిందికే పోతాయి కాబట్టి ముందు మిట్టకు ఇచ్చి, అది కట్టేసి బజారుకు, చివరకు పల్లపు సందుకు వదలాలి. ఏ వాల్వు మొరాయిస్తుందో, ఏది సగంలో జారుతుందో ఆయనకు కొట్టిన పిండి. తాళం ఒక కొస గొట్టానికి ఆనించి, రెండో కొస చెవి దగ్గర పెట్టుకుని, లోపల నీళ్ళు ఎంత జోరుగా పోతున్నాయో చెప్పేవాడు.

అందుకే ఆయనంటే వార్డులో ఎంతో మన్నన. బేకరీ యజమాని వేడి రొట్టె చేతిలో పెట్టేవాడు. మిట్ట వీధిలో ఎవరింటి ముందు ఆగినా కుర్చీ వేసేవారు. ఎవరింట్లోనైనా మనిషి పోయి నలుగురూ చేరితే, అడగకుండానే ఆ వీధికి మరో పది నిమిషాలు వదిలేవాడు. ఆ సంగతి ఆ ఇంటివాళ్ళు ఏళ్ళ తరబడి చెప్పుకునేవారు.

ఆయన మీద కారాలూ మిరియాలూ నూరేది పల్లపు సందు ఒక్కటే. అక్కడ ఒకావిడ లాండ్రీ నడిపేది. రెండు చిన్న ఆసుపత్రుల దుప్పట్లు, ఒక లాడ్జి తువ్వాళ్ళు ఆమె చేతి మీదుగానే తెల్లబడాలి. సందు మొదట్లో ఉన్న వాల్వు దగ్గరికి ఆయన వచ్చేసరికి, చేతులు నడుం మీద పెట్టుకుని ఎదురు నిలబడేది. బాబాయ్ అని ఒక్కనాడూ పిలిచి ఎరగదు.

"వాల్వాయనా, మా సందు ఈ ఊళ్ళోది కాదా? ఇరవై నిమిషాలు వచ్చి ఆగిపోతే నేను దుప్పట్లు ఉమ్మితో ఉతకనా?"

"పల్లంలో ఉన్నావు. నీళ్ళు నీ దగ్గరికి పరుగెత్తుకుంటూ వస్తాయి. నీకేం లోటమ్మా? నీ గొట్టమే పూడుకుపోయి ఉంటుంది, చూపించుకో" అనేవాడాయన. వంకకు అన్న మాట కాదది. మనస్ఫూర్తిగా అలాగే నమ్మాడు. ఆఫీసులో ఫిర్యాదు కాగితం చూపించి అడిగితే, "ఆవిడకి కాస్త నోరెక్కువండీ" అని తేల్చేసేవాడు.

ఆయన ఉద్యోగం ఇక రెండేళ్ళు ఉందనగా నగరాన్ని స్మార్ట్ సిటీ చేసే పథకం వచ్చింది. మొదట దీపస్తంభాలకు కెమెరాలు మొలిచాయి. తర్వాత బస్టాపులో, బస్సు ఎన్ని నిమిషాల్లో వస్తుందో చెప్పే బోర్డు వెలిగింది. అవన్నీ ఆయన సైకిలు మీద వెళుతూ పరాయివాళ్ళ పెళ్ళి చూసినట్టు చూశాడు. మూడో విడతలో నీళ్ళ వంతు వచ్చింది. వాల్వులకు మోటార్లు బిగిస్తారట. ఎక్కడో కంట్రోల్ రూములో కూర్చుని మీట నొక్కితే అవే తెరుచుకుంటాయట.

దాని కోసం ఒక ఇంజనీరమ్మాయి వచ్చింది. చేతిలో ట్యాబ్, నెత్తిన టోపీ, కాళ్ళకు మట్టి అంటని బూట్లు. ఆఫీసు బీరువాలో ఉన్న పటాలన్నీ ట్యాబ్‌లోకి ఎక్కించుకుంది గానీ, వాటిలో సగం ఉత్తుత్తివే. పటంలో రోడ్డు నడుమ నుంచి పోయే గొట్టం, నిజానికి బేకరీ గోడ కింద నుంచి పోతుంది. పటంలో ఉన్న వాల్వు నేల మీద లేదు. నేల మీద ఉన్నది పటంలో లేదు.

"ఇక్కడ వాల్వు ఉన్నట్టు ఇందులో లేదే బాబాయ్?" అంది రెండో రోజే, వరస కలిపేసి.

"పటం గీసినాయన ఆ పూట సెలవులో ఉండుంటాడమ్మా."

మూడు నెలలు ఇద్దరూ వార్డంతా కాలినడకన తిరిగారు. ఆయన వేలు పెట్టి చూపించిన చోటల్లా ఆమె ట్యాబ్ మీద చుక్క పెట్టేది. ముప్ఫై ఏళ్ళలో తన నోటి మాట ఒకరు రాసుకోవడం అదే మొదటిసారి. సాయంత్రం ఇంటికొచ్చి, ఈరోజు పదహారు ఎక్కించాం, ఈరోజు ఇరవై రెండు అని భార్యకు లెక్క చెప్పేవాడు.

"నీ బుర్రలో ఉన్నదంతా ఆ పలకలోకి ఎక్కించేశాక నిన్నేం చేసుకుంటారు?" అని ఆమె ఓ రోజు కూరగాయలు తరుగుతూ అడిగింది. ఆయన చెప్పులు విప్పుతున్నవాడు అలాగే ఆగి, "చూద్దాంలే" అన్నాడు.

మోటార్లు బిగించే ముందు ఆరు వారాలపాటు, గొట్టాలకు చిన్న చిన్న మీటర్లు తగిలించారు. ఏ వీధిలో నీళ్ళు ఏ వేళకు ఎంత జోరుతో వస్తున్నాయో అవి నిమిషం నిమిషం రాసుకుంటాయి. ఆ ఆరు వారాలూ అయ్యాక ఇంజనీరమ్మాయి ఆయనను కంట్రోల్ రూముకు పిలిచింది. ఏసీ చలికి ఆయన చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడ్డాడు. గోడంత తెర మీద మూడు వీధులకు మూడు రంగుల గీతలు.

"మిట్ట వీధి వాల్వు ఆరున్నరకు కట్టేయాలి కదా బాబాయ్. ఇక్కడ చూడండి. రోజూ ఆరూ యాభై అయిదు దాకా తెరిచే ఉంది. దాంతో బజారు వెనక్కి జరిగింది. పల్లపు సందుకి ముప్పావుగంట రావాల్సింది ఇరవై నిమిషాలే మిగిలింది." ఆమె వేలు జరిపింది. "ఈ నాలుగు రోజులు మాత్రం అంతా సరిగ్గా ఉంది. ఈ నాలుగు రోజులు ఏం జరిగింది?"

"జ్వరం వచ్చింది."

"నీళ్ళకా?" అని నవ్వింది.

"నాకమ్మా."

ఆయనకు జ్వరం వస్తే బదులు పక్క వార్డు మనిషి వచ్చాడు. వచ్చినవాడు గడియారం చూసి కట్టేసి పోయాడు. ఆ నాలుగు రోజులూ పల్లపు సందు గీత నిటారుగా లేచి నిలబడింది.

ఇంజనీరమ్మాయి నవ్వు ఆపి ఆయన ముఖంలోకి చూసింది. ఇన్నేళ్ళూ ఊరికి నీళ్ళు పంచినవాడు ఆ పూట నీళ్ళు నమిలాడు. చివరకు, "టీ" అన్నాడు.

"ఏంటి బాబాయ్?"

"మిట్ట వీధి చివర టీకొట్టు ఉంది కదా. వాల్వు దాని పక్కనే. ముందు టీ తాగి, అప్పుడు కట్టేస్తాను. నలుగురూ ఉంటారు, ఓ మాటా ముచ్చటా... అయిదు నిమిషాలే అనుకున్నానమ్మా."

"ఎన్నాళ్ళ నుంచి?"

కొట్టు పెట్టి పదకొండేళ్ళయింది. ఆ అంకె ఆయన నోటికి రాలేదు. వేళ్ళు మాత్రం ఒకటొకటిగా మడుచుకున్నాయి.

"రిపోర్టులో మీ మాట రానివ్వను. చేత్తో తిప్పడం వల్ల వచ్చిన తేడా అని రాస్తాను, అంతే" అందామె మెల్లగా. ఆ అమ్మాయి మంచితనానికి ఆయన తల ఊపాడు. మెట్లు దిగుతుంటే పూడుకుపోయిన గొట్టం మాట గుర్తొచ్చింది. ఆ మాట విని లాండ్రీ ఆవిడ నిజంగానే రెండుసార్లు గొట్టం తవ్వించి మార్పించుకుంది.

మర్నాడు పల్లపు సందుకు వెళ్ళాడు. వాల్వు సందు మొదట్లోనే ఉండటంతో, ఇన్నేళ్ళలో ఆయన సందు లోపలికి నడిచింది పట్టుమని పదిసార్లు ఉండదు. లాండ్రీ గదిలో గోడ పొడుగునా నీలం డ్రమ్ములు ఎనిమిది. మూలన నీళ్ళు తోడి తోడి సొట్టలు పడ్డ బకెట్లు. లాండ్రీ ఆవిడ ఇస్త్రీ బల్ల దగ్గర ఉంది. ఆయనను చూసినా ఇస్త్రీపెట్టె పక్కన పెట్టలేదు.

ఆయన నిలబడే సంగతంతా చెప్పాడు. గీతలు, జ్వరం, టీ, పాతిక నిమిషాలు, ఏదీ దాచలేదు. ఆమె దిండు గలీబు మడత పెట్టి, ఇంకోటి తీసుకుంది.

"నాకు తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"టీ సంగతి. ఏడేళ్ళ కిందట ఓ రోజు, ఇంతకీ ఈ నీళ్ళు ఎటు పోతున్నాయో చూద్దామని పొద్దున్నే మెట్లెక్కి పైకి వచ్చాను. మీరు బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నారు. ఎదురింటి డాబా మీద ట్యాంకు పొంగి గోడ వెంట కారుతోంది. చూసి వెనక్కి వచ్చేశాను."

"అప్పుడే ఒక్క మాట అనుంటే..."

"అంటే? నలుగురిలో మీ పరువు పోతుంది. మర్నాడు మా ఇరవై నిమిషాలు కూడా రాకపోతే ఎవరితో చెప్పుకోవాలి? తాళం ఉన్నది మీ చేతిలో."

"నేను అలాంటివాణ్ణి కాదమ్మా."

"కాకపోవచ్చు. అది నాకెలా తెలుస్తుంది?" ఇస్త్రీపెట్టె ఒక అంచు నుంచి ఇంకో అంచుకు వెళ్ళింది. "అందుకే సందు పేరు చెప్పి అరిచాను గానీ, టీ పేరు ఎత్తలేదు."

కూర్చోమని ఆమె అనలేదు, క్షమించాననీ అనలేదు. ఆయన వచ్చేశాడు. సైకిలు ఎక్కబుద్ధి కాక నడిపించుకుంటూ పోయాడు. బేకరీ ముందు రొట్టె వాసన తగిలింది. ఆ రొట్టె ఇన్నాళ్ళూ తనకిచ్చారా, తాళానికిచ్చారా అన్న ప్రశ్న మనసులో పడింది. కుర్చీలు వేసినవాళ్ళలో ఎంతమంది ప్రేమతో వేశారో, ఎంతమంది రేపటి నీళ్ళు తలుచుకుని వేశారో. వాళ్ళను అడిగి ప్రయోజనం లేదు. అడిగితే అందరూ ప్రేమతోనే అంటారు. తాను అలాంటివాణ్ణి కాదన్న సంగతి తనకు తప్ప ఎవరికీ తెలిసే దారి లేదని, యాభై ఏడేళ్ళు వచ్చాక ఆయనకు మొదటిసారి తట్టింది.

రెండు నెలల్లో మోటార్లు బిగించారు. ఆరున్నర అంటే ఆరున్నరకే మిట్ట వీధి వాల్వు మూసుకుంది. మిట్ట వీధి వాళ్ళు నెల తిరక్కుండానే, నీళ్ళు తగ్గించేశారని అర్జీ పెట్టారు. పల్లపు సందుకు ముప్పావుగంట నిండుగా వచ్చింది. లాండ్రీ ఆవిడ డ్రమ్ములు రెండు అమ్మేసింది. నీళ్ళ బాబాయ్‌ను కంట్రోల్ రూములో కూర్చోబెట్టారు. ఫోన్లు ఎత్తడం, ఫలానా చోటు అంటే ఏ గొట్టమో చెప్పడం ఆయన పని. ఓ రోజు కరెంటు పోయి సందుకు నీళ్ళు ఆలస్యమైతే ఫోను మోగింది.

"వాల్వాయనా, ఇవాళ మీ మోటారు టీకి వెళ్ళిందా?"

ఆయన ఫోను పట్టుకుని ఎంతసేపో నవ్వాడు. అవతల ఆమె నవ్విందో లేదో తెలియలేదు.

అన్నీ మేలే జరగలేదు. బజారులో ఒకరింట్లో పెద్దాయన పోతే, అదనపు నీళ్ళకు ముందురోజే యాప్‌లో పెట్టుకోవాలని జవాబు వచ్చింది. "మనిషి ముందురోజు చెప్పి పోతాడా?" అని ఆయన ఇంజనీరమ్మాయితో వాదులాడాడు. ఆమె పైవాళ్ళతో పోట్లాడి, అలాంటి వేళల కోసం వేరే మీట పెట్టించడానికి నాలుగు నెలలు పట్టింది.

ఆలోగా ప్రణాళికా విభాగం వాళ్ళు వార్డు కొత్త పటం వేశారు. పల్లపు సందులో ఇప్పుడు నీళ్ళు జోరుగా వస్తున్నాయి కాబట్టి, అక్కడ నాలుగంతస్తులు కట్టుకోవచ్చని రంగు మార్చారు. సందు వెనక ఉన్న నేలను వాహనాల పార్కింగు కోసం కేటాయించారు. ఆ నేల మీద పటంలో ఒక్కటే మాట రాసి ఉంది: ఖాళీ స్థలం.

ఆ మాట తన నోటి నుంచి వచ్చిందేనని ఆయన చూడగానే గుర్తుపట్టాడు. నడకలు నడిచిన రోజుల్లో ఓ పొద్దున ఇంజనీరమ్మాయి ఆ వైపు చూపించి, "అక్కడేమైనా ఉందా బాబాయ్?" అని అడిగింది. గొట్టం సంగతి అడుగుతోందనుకుని, "ఏం లేదమ్మా, ఖాళీ" అనేశాడు. ఆమె అదే రాసుకుంది. నిజానికి ఆ నేలలో నలభై ఇళ్ళ బట్టలు ఆరతాయి. లాండ్రీ ఆవిడ దుప్పట్లకు తాళ్ళు కట్టేది అక్కడే. ఆ నేల పోతే ఆమె పనే పోతుంది.

పటం మీద అభ్యంతరాలు వినడానికి స్కూలు హాల్లో సమావేశం పెట్టారు, పనిరోజు పదకొండింటికి. ఆ వేళకు వచ్చేవాళ్ళెవరు? మిట్ట వీధి నుంచి రిటైరైనవాళ్ళు వచ్చారు. పల్లపు సందు నుంచి నలుగురు. వారిలో లాండ్రీ ఆవిడ ఒకతె, చేతులకింకా సబ్బు వాసనతోనే.

"మీరు మన ఉద్యోగి బాబాయ్. లేచి మాట్లాడితే పైవాళ్ళు ఏమైనా అనుకుంటారు" అని ఇంజనీరమ్మాయి ముందే చెవిలో వేసింది.

"నేను తప్పు చెప్పానమ్మా. దిద్దుకోవడానికి ఎవరిని అడగాలి?"

ఆమె పక్కనున్న మైకు తీసి ఆయన చేతికిచ్చింది.

ఆయనకు నలుగురిలో మాట్లాడే అలవాటు లేదు. మైకును రెండు చేతులతో పట్టుకున్నాడు. "ఆ స్థలం ఖాళీ అని చెప్పింది నేనేనండీ. నేల కింద గొట్టం లేదన్నాను. నేల మీద ఏముందో నేను చెప్పలేదు. అక్కడ నలభై ఇళ్ళవాళ్ళు బట్టలు ఆరేసుకుంటారు."

ప్రణాళికా అధికారి కళ్ళజోడు సర్దుకున్నాడు. మర్యాదస్తుడే. "డ్రోన్‌తో ఫోటో కూడా తీశామండీ. అందులోనూ ఏమీ కనిపించలేదు."

"ఎన్నింటికి తీశారండీ?"

అధికారి కాగితాలు తిరగేశాడు. "మోటార్లు పెట్టకముందు, పొద్దున్న ఏడింటికి. గాలి ఉండదని."

"ఆ రోజుల్లో ఆ సందుకి నీళ్ళు ఏడూ నలభైకి వచ్చేవండీ. ఉతకందే ఏం ఆరేస్తారు? అంత ఆలస్యంగా రావడానికి కూడా కారణం నేనే." హాల్లో ఎవరో నవ్వారు. ఆయన మిట్ట వీధి వాళ్ళ వైపు తిరిగి, టీ సంగతి ఉన్నదున్నట్టు చెప్పాడు. ముందు వరసలో కూర్చున్న పాత నేస్తాలు ఇద్దరు ముఖం తిప్పుకున్నారు. ఆ బల్ల మీద ఆయనతో కూర్చున్నది వాళ్ళే.

తర్వాత లాండ్రీ ఆవిడ లేచింది. "పార్కింగు వద్దని నేననను. మా సందులో కారు ఎవరికుందో చూపించండి, వాళ్ళకే ఇవ్వండి" అని కూర్చుంది. అధికారి రాసుకున్నాడు.

ఆయన మాటతో పటం తలకిందులేం కాలేదు. మళ్ళీ పరిశీలించి, స్థలాన్ని రెండు ముక్కలు చేశారు. రోడ్డు వైపు సగం పార్కింగుకు పోయింది. లోపలి సగంలో ఇనప స్తంభాలు పాతి, బట్టలు ఆరేసుకునే చోటు అని పటంలో రాశారు. నాలుగంతస్తుల రంగు అలాగే ఉండిపోయింది. ఏడాది తిరిగేలోగా సందులో మూడిళ్ళు పైకి లేచాయి, రెండు కుటుంబాలు అద్దె భరించలేక ఊరి చివరకు వెళ్ళిపోయాయి. లేచిన అంతస్తుల నీడ మధ్యాహ్నం రెండింటికే తాళ్ళ మీద పడుతోందని లాండ్రీ ఆవిడ సణుగుతుంది. ఆసుపత్రుల పని మాత్రం ఆమె చెయ్యి దాటిపోలేదు.

"నువ్వు ఆ రోజు నోరు మూసుకుని ఉంటే ఆ ఇద్దరు నేస్తాలైనా మిగిలేవాళ్ళు" అంది భార్య. కోపంగా అనలేదు. ఆయన అదీ నిజమేనన్నాడు. మిట్ట వీధిలో ఇప్పుడు కుర్చీ వేసేవాళ్ళు ముగ్గురే. ఆ ముగ్గురి దగ్గర ఆయన ఇదివరకటి కంటే ఎక్కువసేపు కూర్చుంటున్నాడు.

సమావేశం తర్వాత ప్రణాళికా అధికారి ఒక పద్ధతి పెట్టాడు. ఏ స్థలాన్నైనా ఖాళీ అని రాసే ముందు, ఒక మనిషి రోజుకు మూడు వేళల్లో అక్కడ గంటసేపు నిలబడి చూసి రావాలి. ఆ పనికి వారానికి రెండు రోజులు నీళ్ళ బాబాయ్‌ను పంపమని నీటి విభాగాన్ని అడిగాడు. రిటైరవడానికి అయిదు నెలలు ఉందనగా ఆయన చేతికి ఒక అట్ట, కొన్ని ఫారాలు వచ్చాయి.

మొదటి వారం బస్ డిపో గోడ వెనకున్న నేల వంతు వచ్చింది. పిచ్చిమొక్కలు, విరిగిన బల్ల ఒకటి. ఎవరు చూసినా ఖాళీ అనే రాస్తారు. ఆయన మధ్యాహ్నం మూడింటికి వెళ్ళి, గోడ నీడన కూర్చున్నాడు. అరగంట ఎవరూ రాలేదు. తర్వాత నడివయసు ఆడవాళ్ళిద్దరు ఒక పాత సైకిలు తోసుకుంటూ వచ్చారు. ఒకావిడ ఎక్కింది, ఇంకొకావిడ వెనక సీటు పట్టుకుని పరుగెత్తింది. పరాయి మగవాడు కూర్చున్నాడని చూసి తటపటాయిస్తే, ఆయన అట్ట వైపు తల దించుకున్నాడు.

ఫారంలో 'వినియోగం' అన్న గడి అగ్గిపెట్టె కంటే చిన్నది. అందులో పట్టక, పక్కన అంచు మీద రాశాడు: మూడున్నర. ఇద్దరు ఆడవాళ్ళు సైకిలు నేర్చుకుంటున్నారు. ఒకావిడ పడింది. మోచెయ్యి చూసుకుంది. మళ్ళీ ఎక్కింది.